కాదనే ఓటు ఎవరిది?

(మనుబోలులో చేసిన స్మారక ఉపన్యాసం)



ఈ ఉపన్యాసం పెట్టిన నిధి ఎవరి జ్ఞాపకార్థం ఏర్పడిందో ఆ పెద్దాయన గురించి పొగడ్తలు వద్దని కుటుంబసభ్యులు ముందే చెప్పారు. సేద్యం చేసుకుని బతికిన మనిషనీ, తన వడ్లు ఎక్కడ అమ్ముకోవాలో ఇంకొకరు చెబితే గిట్టేది కాదనీ మాత్రం అన్నారు. ఈ సాయంత్రానికి నాకు ఆ ముక్క చాలు.

మనిషి ఒంటి మీద, ఆస్తి మీద, కష్టార్జితం మీద, నమ్మకం మీద మొదటి హక్కు అతనిదే. సర్కారు అందులో చెయ్యి పెట్టాలంటే గట్టి కారణం చూపించి తీరాలి. స్వేచ్ఛావాదం అంటే స్థూలంగా ఇంతే. దీన్ని మనసారా నమ్మిన నాయకుడు, అధికారం కోసం పోటీపడే పెద్ద పార్టీలో ఉంటూ ఆ నమ్మకాన్ని నిలుపుకోగలడా? ఇదేదో అమెరికావాళ్ళ ప్రశ్న అనుకునేవాళ్ళున్నారు. కాదు. ఆచార్య ఎన్.జి. రంగా అరవై ఏళ్ళ పార్లమెంటు జీవితం పొడుగునా ఈ ప్రశ్నతోనే పెనుగులాడారు. మన నెల్లూరు వడ్లు, మన నెల్లూరు సారా, మన జిల్లా పేదల పట్టాలు కూడా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

వడ్లతో మొదలుపెడతాను. 1952లో మనుబోలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉంది. రెండో ప్రపంచయుద్ధం నాటి నుంచి ధాన్యం మీద కంట్రోళ్ళు, రేషను, చెక్‌పోస్టులు. ఆ ఏడాది ముఖ్యమంత్రి అయిన రాజాజీ కొద్ది నెలల్లోనే బియ్యం మీద కంట్రోలు ఎత్తేశారు. ఆయన ఉన్నది కాంగ్రెస్‌లో. ఢిల్లీలో ప్రణాళికల మోజు అప్పుడే ఊపందుకుంటోంది. అయినా ఆయన చేయగలిగారు, ఎందుకంటే కేంద్ర ఆహారమంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్‌ది కూడా అదే అభిప్రాయం. పెద్ద పార్టీలో ఉండి సూత్రం నిలబెట్టడం సాధ్యమేనని చెప్పడానికి మన అనుభవంలో ఉన్న మొదటి ఉదాహరణ ఇది. దీన్ని తక్కువ చేసి చూడకూడదు.

కానీ ఎంతకాలం నిలిచింది? 1957లో దక్షిణాది రాష్ట్రాలను కలిపి ఒక బియ్యం జోన్ చేశారు. 1964లో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే జోన్ అయింది. మన మొలగొలుకులకు తరతరాలుగా మద్రాసే అంగడి. అక్కడికి లారీ పోవాలంటే పర్మిట్ కావాల్సొచ్చింది. లెవీ అయితే ఇంకా చాలాకాలం నడిచింది. దాని పని తీరు చూడండి. మిల్లరు ఆడించిన బియ్యంలో ఇంత భాగం, మన దగ్గర చాలా ఏళ్ళు నూటికి 75 పాళ్ళు, ఆహార సంస్థకు సర్కారు కట్టిన ధరకే ఇవ్వాలి. మిగిలిన పాతిక పాళ్ళే బయట అమ్ముకోవాలి. పేరుకు అది మిల్లరు మీద వేసిన భారం. కళ్ళంలో పుట్టికి ధర కట్టేటప్పుడు ఆ భారాన్ని ఆయన రైతు మీదికి దించేవాడు. పుట్టి అంటే మన నెల్లూరులో 850 కిలోలు. ఒక్కో పుట్టి మీద పోయింది ఎంతో రైతుకు లెక్క తెలిసేది కాదు, ఎందుకంటే ఆ కోత ఏ రసీదులోనూ కనిపించదు. 2015లో లెవీ పూర్తిగా పోయింది. ఇన్ని దశాబ్దాల్లో మన ప్రాంతం నుంచి అన్ని పెద్ద పార్టీల తరఫునా గెలిచి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. రైతు సరుకు రైతు ఇష్టం అని ప్రతి ఎన్నికల్లోనూ విన్నాం.

ఇక రంగా గారు. 1900లో నిడుబ్రోలులో పుట్టారు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు, తిరిగివచ్చి రైతుల మధ్య పడ్డారు. మన పక్కనున్న వెంకటగిరి జమీందారీ రైతులు 1930లలో శిస్తుల మీద, వెట్టి మీద తిరగబడినప్పుడు వాళ్ళ పక్షాన నిలిచారు. కాంగ్రెస్‌లో చాలామందికి అది ఇష్టం లేదు, జమీందారులను దూరం చేసుకోవడం ఎందుకని. రంగా గాంధీగారిని ఒప్పించుకున్నారు. ఈ సంగతి ఎందుకు గుర్తుచేస్తున్నానంటే, తర్వాత కాలంలో ఆయన ఆస్తి హక్కు గురించి మాట్లాడితే భూస్వాముల కొమ్ము కాస్తున్నాడని తీసిపారేశారు. ఆయన చెప్పిన ఆస్తి హక్కు దున్నేవాడి హక్కు. దాన్ని మొదట జమీందారు మీద ప్రయోగించారు, తర్వాత అదే హక్కును సర్కారు మీద నిలబెట్టారు. రెండు చోట్లా వాదన ఒకటే.

రంగా కాంగ్రెస్‌ను మొదటిసారి 1951లో వదిలారు, కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955లో మళ్ళీ దగ్గరయ్యారు. 1957లో తెనాలి నుంచి కాంగ్రెస్ సభ్యుడిగా లోక్‌సభకు వెళ్ళారు, కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి కూడా అయ్యారు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయం మీద తీర్మానం చేసింది. పొలం మీద యాజమాన్యం రైతు పేరనే ఉంటుంది, సేద్యం మాత్రం ఉమ్మడిగా సాగుతుంది, అందులో వాటా వస్తుంది. నా గట్టు ఎక్కడుందో నేను చూపించలేని పొలానికి నేను యజమానిని ఎట్లా అవుతాను అని అడిగిన రైతులకు జవాబు లేదు. రంగా పదవికీ పార్టీకీ రాజీనామా ఇచ్చి బయటికొచ్చారు. ఆ జూన్‌లో మద్రాసులో రాజాజీ, మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ ప్రకటించారు. అధ్యక్షుడు రంగాయే. లైసెన్సు పర్మిట్ రాజ్యం అన్న మాట రాజాజీ నోటినుంచి వచ్చి దేశమంతా పాకింది.

అదే నాగపూర్‌లో ఇంకొకాయన కూడా ఆ తీర్మానాన్ని గట్టిగా ఎదిరించారు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన చరణ్ సింగ్. ఆ ఏడే మంత్రి పదవి వదిలారు, ఉమ్మడి సేద్యం ఎందుకు పనికిరాదో పుస్తకం రాశారు. కానీ పార్టీని వదల్లేదు. 1967 వరకు కాంగ్రెస్‌లోనే ఉన్నారు.

ఇద్దరిలో ఎవరిది సరైన దారి? నాగపూర్ తీర్మానం అమలు కాలేదన్నది చరిత్ర. రాష్ట్రాల కాంగ్రెస్ నాయకులు, వాళ్ళలో చాలామంది భూమి ఉన్నవాళ్ళే, నోరు మెదపకుండా దాన్ని పక్కన పెట్టేశారు. అయితే చరణ్ సింగ్ లాంటివాళ్ళు లోపల ఉండబట్టే ఇది జరిగిందంటే నేను ఒప్పుకోను. బయట రంగా ఉన్నారు. 1962లో స్వతంత్ర పార్టీ లోక్‌సభలో 18 స్థానాలు, మన శాసనసభలో 19 గెలిచింది. 1967లో లోక్‌సభలో 44, ఇక్కడ 29. రైతును కదిలిస్తే ఓటు ఎటు పోతుందో కాంగ్రెస్‌కు కళ్ళెదుట కనిపించింది. లోపలివాళ్ళ మాటకు విలువ తెచ్చింది బయటి భయం. రంగా స్వయంగా 1962లో తెనాలిలో ఓడిపోయి, చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి సభకు చేరారు. 1967లో పార్టీ సహచరుడు గౌతు లచ్చన్న శ్రీకాకుళంలో తాను గెలిచిన సీటును ఆయన కోసం వదులుకున్నారు. ఒక సూత్రం కోసం గెలిచిన సీటు వదులుకున్నవాళ్ళు మన దగ్గరా ఉన్నారని పిల్లలకు తెలియాలి.

కానీ ఆ పార్టీని నేను దేవుడి గుళ్ళో పెట్టను. మాజీ సంస్థానాధీశులు అందులో చేరారు, వాళ్ళ భూముల భయంతో వాళ్ళు చేరారు. పైగా స్వేచ్ఛ పేరున పుట్టిన పార్టీలోనే స్వేచ్ఛ అంటే ఏమిటో ఏకాభిప్రాయం లేదు. 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది రాజాజీ. నిషేధం కింద కేసులు మోస్తున్న గీత కార్మికుల కోసం మంత్రి పదవి వదిలింది లచ్చన్న. ఆంధ్రరాష్ట్రం తొలి ప్రభుత్వం, ప్రకాశం గారి ప్రభుత్వం, 1954 నవంబరులో ఒక్క ఓటుతో పడిపోయింది ఈ నిషేధం గొడవ మీదే. రాజాజీ, లచ్చన్న ఇద్దరూ ఐదేళ్ళ తర్వాత ఒకే జెండా కింద నిలబడ్డారు. చిన్న పార్టీలోనైనా పెద్ద పార్టీలోనైనా సర్దుబాటు తప్పదు. ఆ మాటకొస్తే సర్దుబాటు తప్పు కాదు. ఎక్కడ సర్దుకున్నామో జనానికి చెప్పకుండా దాచడమే తప్పు.

రంగా 1970ల మొదట్లో మళ్ళీ కాంగ్రెస్‌లోకి వచ్చారు. అప్పటికి స్వతంత్ర పార్టీ ఎనిమిది స్థానాలకు కుదించుకుపోయింది. మిగిలినవాళ్ళు 1974లో చరణ్ సింగ్ నాయకత్వంలోని భారతీయ లోక్‌దళ్‌లో కలిశారు, అది 1977లో జనతాలో కలిసింది. ఆ జనతా ప్రభుత్వమే 1978లో 44వ సవరణ తెచ్చి ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది. 1964లో 17వ సవరణ రాష్ట్రాల భూచట్టాలు 44 తొమ్మిదో షెడ్యూలులో పెట్టి కోర్టులకు అందకుండా చేస్తే సభలో పోరాడిన పార్టీ వారసులు, పద్నాలుగేళ్ళకు అసలు హక్కే పోతుంటే అధికారపక్షంలో ఉన్నారు. నాకు ఇది మన రాజకీయ చరిత్రలో చాలా బాధ కలిగించే ఘట్టం.

ఇప్పుడు మన జిల్లాకు రండి. నాగపూర్ తీర్మానం అమలు కాలేదన్నాను. పూర్తిగా అట్లా అనడానికి లేదు. మన జిల్లాలో సీజేఎఫ్ఎస్ భూములంటే తెలియని రెవెన్యూ ఉద్యోగి ఉండడు. సహకార ఉమ్మడి వ్యవసాయ సంఘాల పేరున దళితులకు, భూమిలేని పేదలకు ఇచ్చిన భూములవి. పట్టా సంఘం పేరున ఉండేది. సాగుచేసే మనిషి పేరున ఉండేది కాదు. ఆ మనిషి బ్యాంకుకు పోతే చేతిలో కాగితం లేదు. పంచుకుందామంటే చట్టం అడ్డం. చనిపోతే పిల్లలకు ఏం వస్తుందో స్పష్టత ఉండేది కాదు. ఎవరికి వారికి పట్టాలివ్వండి అని అడగడానికే తరం గడిచిపోయింది. గట్టున్న రైతు ఉమ్మడి సేద్యాన్ని తప్పించుకున్నాడు, ఎందుకంటే అతనికి రంగా ఉన్నారు, చరణ్ సింగ్ ఉన్నారు, పార్టీల్లో బంధువులున్నారు. ఎవరూ లేనివాడి మీద అది అమలైంది.

అసైన్డ్ భూముల సంగతీ అంతే. 1977 చట్టం ప్రకారం, 2023లో దాన్ని సడలించేదాకా, సర్కారు ఇచ్చిన భూమిని పేదవాడు అమ్ముకోవడానికి వీల్లేకపోయింది. మోసపోకుండా కాపాడటానికే ఈ నిబంధన అన్నారు. ఆ ఉద్దేశం నిజమే, చేతులు మారి పెద్దల పాలైన భూములు ఎన్నో ఉన్నాయి. కానీ అదే భూమి సర్కారుకు కావాల్సొస్తే షరతుల పట్టా గనుక వెనక్కి తీసుకుంటామనేవాళ్ళు. పక్క సర్వే నంబరులో పట్టాదారుకు పరిహారం, ఇతనికి దయాదాక్షిణ్యం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్‌దారుకూ పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని తేల్చేదాకా ఇదే తంతు. ఆస్తి హక్కు గురించి అసెంబ్లీలో అనర్గళంగా మాట్లాడినవాళ్ళు ఈ మనిషి తరఫున తమ పార్టీని ఎన్నిసార్లు ఎదిరించారు? స్వేచ్ఛావాదిని పరీక్షించాల్సింది ఈ చోటే. తన ఓటర్ల ఆస్తి గురించి ఎవరైనా మాట్లాడతారు.

సారా ఉద్యమం గురించి మాట్లాడకుండా నెల్లూరు జిల్లాలో ఈ ఉపన్యాసం పూర్తికాదు. కలిగిరి దగ్గర దూబగుంటలో, అక్షరాస్యత తరగతుల్లో సీతమ్మ కథ చదువుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1992 నాటికి జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. తాగే స్వేచ్ఛ ఎవరికైనా ఉంటుంది కదా, ఇది స్వేచ్ఛకు విరుద్ధం కాదా అని ఒక వాదన ఉంది. వేలంపాటను దగ్గరగా చూస్తే ఆ వాదన నిలవదు. ఊళ్ళో సారా అమ్మే హక్కును కలెక్టరాఫీసులో వేలం వేసేది సర్కారు. పాడుకున్నవాడు ఆ డబ్బు రాబట్టుకోవాలి గనుక పొద్దున్నే కూలికి పోయే మనిషి ఇంటి దాకా ప్యాకెట్లు తెచ్చేవాడు. వారుణి వాహిని పేరుతో సర్కారే సారా సరఫరా చేసింది. కూలి డబ్బు ఇంటికి చేరకముందే దాని మీద హక్కు ఖజానాది. ఆ ఆడవాళ్ళు అడిగింది మా ఇంటి సంపాదన మీద మీ చెయ్యి తీయండి అని. నా దృష్టిలో గత యాభై ఏళ్ళలో తెలుగునేల మీద సర్కారును ఇంత సూటిగా గడప బయట నిలబెట్టినవాళ్ళు లేరు. వాళ్ళెవరూ ఏ పార్టీ సభ్యులుగానూ ఆ పని చేయలేదు.

పార్టీలు ఏం చేశాయి? 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపారు. 1994 డిసెంబరులో ఎన్.టి.రామారావు ప్రమాణస్వీకార వేదిక మీదే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1997లో అదే పార్టీ ప్రభుత్వం సడలించింది. 2019లో ఇంకో పార్టీ ప్రభుత్వం దుకాణాలను తానే నడిపింది, 2024లో మళ్ళీ ప్రైవేటువాళ్ళకు వచ్చాయి. ఈ మలుపులన్నిటిలోనూ ఆబ్కారీ ఆదాయం లెక్క కనిపిస్తుంది. సొంత పార్టీ మలుపు తిరిగినప్పుడు నేను కాదంటున్నాను అని ఓటు వేసిన సభ్యుడు కనిపించడు.

పి.వి. నరసింహారావు పేరు తేకుండా ఎట్లా అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. ఆయన కథ వేరే దారిలో నడుస్తుంది. ముఖ్యమంత్రిగా 1972లో భూపరిమితి బిల్లు తెచ్చిందీ ఆయనే, కుటుంబానికి తరి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54. ప్రధానిగా 1991 జులై 24న పారిశ్రామిక లైసెన్సులను ఎక్కువభాగం ఎత్తేసిందీ ఆయనే, పరిశ్రమల శాఖ కూడా ఆయన చేతిలోనే ఉంది. పార్టీ ఒకటే, మనిషి ఒకడే. విదేశీ మారకం అడుగంటింది, బంగారం తాకట్టు పెట్టాల్సొచ్చింది, దానితో తలుపు తెరుచుకుంది. ఆ మరుసటి ఏడాది తిరుపతి మహాసభలో తన మార్గాన్ని నెహ్రూ బాటకు కొనసాగింపుగానే చెప్పుకున్నారు. ఆయన స్వేచ్ఛావాది కారు, అట్లా చెప్పుకోలేదు కూడా. రాజాజీ, రంగా ఎంత అరిచినా ముప్పై ఏళ్ళు కదలని గడియ ఆయన చేతిలో కదిలింది. ఆ మేలు కోట్లమందికి అందింది, దాన్ని కాదనలేం. అయితే అవసరం కొద్దీ ఇచ్చిన స్వేచ్ఛ కర్మాగారం దాకా వచ్చింది, కళ్ళం దాకా రాలేదు. లెవీ ఇంకో ఇరవైనాలుగేళ్ళు ఉండిపోయింది.

నేను అసలు చెప్పదలుచుకున్నది ఇక్కడికి వచ్చింది. 1959లో రంగా కాంగ్రెస్‌ను వదిలి కూడా 1962 వరకు తెనాలి సభ్యుడిగానే సభలో కూర్చున్నారు, స్వతంత్ర పార్టీ తరఫున మాట్లాడారు. ఈరోజు అది కుదరదు. 1985 జనవరిలో 52వ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. పార్టీ వదిలితే సీటు పోతుంది. పార్టీలోనే ఉండి విప్‌కు వ్యతిరేకంగా ఓటేసినా, ఓటు వేయకుండా ఊరుకున్నా, పార్టీ క్షమించకపోతే సీటు పోతుంది. ఆ చట్టం ఎందుకు వచ్చిందో తెలుగువాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. 1984 ఆగస్టులో ఎన్.టి.ఆర్. ప్రభుత్వాన్ని కూల్చినప్పుడు ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి కర్ణాటక దాకా తీసుకుపోవాల్సిన రోజులు మనం చూశాం. అమ్ముడుపోయేవాడికి సంకెళ్ళు వేయాలనుకోవడం న్యాయమే. లోక్‌సభలో ఎదురన్నవాళ్ళు లేకుండానే ఆ సవరణ నెగ్గింది. గుంటూరు నుంచి గెలిచిన రంగా అప్పుడు కాంగ్రెస్ సభ్యుడిగా ఆ సభలోనే ఉన్నారు. తాను 1959లో నడిచిన దారి మూసుకుపోవడం ఆయన కళ్ళముందే జరిగింది.

ఆ సంకెళ్ళు అమ్ముడుపోయేవాడికి వదులు, నమ్మకమున్నవాడికి బిగువు. అమ్ముడుపోయేవాడు రాజీనామా చేసి కొత్త పార్టీ టికెట్ మీద మళ్ళీ నిలబడతాడు, లేదా స్పీకరు దగ్గర ఫిర్యాదు సభ కాలం తీరేదాకా నానుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్ని చూడలేదు! పార్టీలోనే ఉంటాను, ఈ ఒక్క బిల్లు మాత్రం నా మనస్సుకు ఒప్పదు అనేవాడికి చట్టంలో చోటు లేదు. అమెరికాలో రాన్ పాల్ 1988లో లిబర్టేరియన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీచేస్తే నూటికి అర ఓటు కూడా రాలేదు. తర్వాత రిపబ్లికన్ పార్టీ తరఫున అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌కు గెలిచారు. 2002లో ఇరాక్ యుద్ధానికి తన పార్టీ అధ్యక్షుడే అనుమతి అడిగితే, ప్రతినిధుల సభలో కాదన్న ఆరుగురు రిపబ్లికన్లలో ఆయన ఒకరు. సీటు పోలేదు, మళ్ళీ అదే పార్టీ టికెట్ మీద గెలిచారు. ఆయన అభిప్రాయాలన్నీ నాకు సమ్మతం కాదు. ఆయనకున్న ఆ ఓటు మాత్రం మన సభ్యుడికీ ఉండాలి.

కాబట్టి పెద్ద పార్టీలో సూత్రం నిలుస్తుందా అంటే, సభ్యుడి ఓటు సభ్యుడిదైతే నిలుస్తుంది. ఆ ఓటు పార్టీ జేబులో ఉంటే ఎంత మంచివాడైనా మనసులో దాచుకోవాల్సిందే. మన రాష్ట్ర భూహక్కుల చట్టమే చూడండి. 2023లో అమల్లోకి వచ్చింది, 2024లో కొత్త ప్రభుత్వం రద్దుచేసింది. పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి ఫోటో ఎందుకన్న కోపం ఊరూరా వినిపించింది. ఒక పక్షమంతా చట్టాన్ని చేసింది, ఇంకో పక్షమంతా దాన్ని తీసేసింది. రైతు భూమి మీద నిర్ణయం తీసుకునే రెండు సందర్భాల్లోనూ ఒక్కో సభ్యుడు ఆ నిబంధనలు చదివి ఏమనుకున్నాడో మనకు తెలిసే వీల్లేదు.

దీనికి మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 1990లో దినేష్ గోస్వామి కమిటీ చెప్పింది, విశ్వాస పరీక్ష లాంటి ఓటింగుకే అనర్హతను పరిమితం చేయమని. 1999లో లా కమిషన్ 170వ నివేదిక కూడా, ప్రభుత్వం ఉంటుందా పడుతుందా అనే సందర్భాల్లోనే విప్ జారీచేయాలని సూచించింది. ప్రభుత్వాన్ని కూల్చడానికి అమ్ముడుపోయేవాణ్ణి ఆపుదాం. వడ్ల మీద, పట్టా మీద, మద్యం మీద, భూసేకరణ మీద సభ్యుణ్ణి వదిలేద్దాం.

మనుబోలు మండలం సర్వేపల్లి నియోజకవర్గంలో ఉంది, సర్వేపల్లి తిరుపతి లోక్‌సభ స్థానం కింద ఉంది. తిరుపతి షెడ్యూల్డు కులాలకు రిజర్వు చేసిన స్థానం. అసైన్డ్ భూములకూ వర్తించే భూసేకరణ బిల్లు వచ్చిన రోజున పార్టీ ఒకటి చెప్పి, ఊళ్ళో మనవాళ్ళ అవసరం ఇంకొకటి అయితే, ఆ సభ్యుడు ఎటు ఓటేయాలి? ఇప్పుడున్న చట్టం ఆయనకు జవాబు ముందే రాసిపెట్టింది. ఆ చట్టాన్ని మార్చే బిల్లుకు మద్దతిస్తారా అని ఈ సభ తరఫున ఒక ఉత్తరం రాసి, ఈ గ్రామస్థుల సంతకాలతో మన పార్లమెంటు సభ్యుడికి, శాసనసభ్యుడికి పంపాలని నిర్వాహకులను కోరుతున్నాను. ముసాయిదా నేను రాసి తెచ్చాను, వేదిక మీద పెట్టి వెళుతున్నాను. మీకు నచ్చని వాక్యం ఉంటే కొట్టేసి సంతకం పెట్టండి.